తొమ్మిదో ప్రయోగం

హాన్‌కాక్, మిషిగన్
అక్టోబరు 9

లోరెట్టా హౌగెన్‌కు,

నీ ప్రయోగాల పుస్తకం అందింది. మొదటి నాలుగు ప్రయోగాలూ దిద్దాను. లెక్కలు బాగానే ఉన్నాయి, దస్తూరీ ఇంకా బాగుంది. కానీ పద్నాలుగో పేజీలో ఏమిటమ్మా ఆ వైట్‌నర్? గోడకు సున్నం కొట్టినట్టు కొట్టావు.

కోర్సు మొదటి రోజు వీడియోలోనే చెప్పాను. విన్లేదో, విని ఊరుకున్నావో నాకు తెలీదు. నా క్లాసులో రబ్బరు లేదు, వైట్‌నర్ లేదు, పేజీ చింపడం అసలే లేదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత. ఒక్కటంటే ఒక్కటే. కింద ఏం రాశావో నేను చదవగలగాలి. పక్కన నీ పొట్టి సంతకం, తేదీ. నువ్వు కొట్టేసిన అంకే సరైనదని రేపు తేలొచ్చు. అప్పుడు ఆ సున్నం గీకి చూసుకుంటావా?

ల్యాబ్ పుస్తకాలు పోస్టులో పంపమన్నందుకు మీరు ముప్పై ఒక్కమందీ నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. ఫోటో తీసి పంపుతామని గోల. ఫోటోలో ఇలాంటి వేషాలు కనపడవు. అందుకే పోస్టు.

పుస్తకంలో ఓ చీటీ దొరికింది. "మేడమ్, వెనిగర్ మరకలుంటే క్షమించండి, మా ఇంట్లో బల్ల ఒక్కటే, అన్నం తినేదీ దాని మీదే" అని. ముప్పై ఒక్కమందిలో చీటీ పెట్టింది నువ్వొక్కదానివే. మరకలకు మార్కులు తియ్యను. వైట్‌నర్‌కు రెండు తీశాను.

ఐలీ రింటాలా


డ్రై ఫోర్క్, మోంటానా
అక్టోబరు 17

మేడమ్ గారికి నమస్కారాలు,

మీ కవరు మీద ముద్ర వేసింది నేనే. ఈ ఊరి పోస్టాఫీసులో కౌంటరు నాదే. కౌంటరు, గుమస్తా, ఊడ్చే మనిషి, అన్నీ నేనే. రోజూ నూట ఎనభై మందికి ఉత్తరాలు పంచుతాను. నా పేరు మీద వచ్చేవి విత్తనాల క్యాటలాగులు. చేత్తో రాసిన అడ్రసు కనపడేసరికి ఎవరిదో పొరపాటున నా పెట్టెలో పడిందనుకున్నాను.

వైట్‌నర్ సంగతి. కూడికలో తప్పు చేశాను మేడమ్. ముప్పై నాలుగేళ్ళదాన్ని, కూడికలో తప్పు. సిగ్గేసి పూసేశాను. ఇంకెప్పుడూ చెయ్యను.

ఎవరికీ చెప్పని మాట మీకు చెబుతున్నాను. మీరు చాలా దూరాన ఉన్నారు కాబట్టి ధైర్యం చేస్తున్నాను. నేను డాక్టర్ చదువుకు అప్లై చేద్దామనుకుంటున్నాను. పన్నెండేళ్ళ క్రితం చరిత్రలో డిగ్రీ చేశాను, సైన్సు ముట్టుకోలేదు. ఇప్పుడు కావలసిన సైన్సు క్రెడిట్లన్నీ ఒక్కొక్కటిగా ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకుంటున్నాను. జీవశాస్త్రం అయింది, మీ రసాయన శాస్త్రం నడుస్తోంది, భౌతిక శాస్త్రం ఉంది. ఇక్కణ్ణించి కాలేజీకి రెండు వందల మైళ్ళు. కౌంటరు మూసి వెళ్ళి రావడం కుదిరే పని కాదు.

ఈ ఊరికి అంబులెన్సు ఒకటుంది. నడిపేవాళ్ళం నలుగురం, అందరం మా పనులు మానుకుని పరిగెత్తేవాళ్ళమే. ఆస్పత్రి డెబ్భై మైళ్ళు. ఆ డెబ్భై మైళ్ళూ వెనక పడుకున్న మనిషి నా మొహం వంక చూస్తూ ఉంటాడు. నేను రక్తపోటు చూస్తాను, ఆక్సిజన్ పెడతాను, "ఇంకొంచెం దూరమే" అంటాను. ఎనిమిదేళ్ళుగా అదే అంటున్నాను.

మా ఆయన విడిపోయి బిల్లింగ్స్‌లో ఉంటున్నాడు. కాబట్టి బల్ల మీద ఈ గాజు కుప్పెలెందుకని అడిగేవాళ్ళు లేరు. ఊళ్ళో చెబితే మాత్రం సాయంత్రానికల్లా నన్ను "డాక్టరమ్మా" అని ఏడిపిస్తారు. సీటు రాకపోతే చచ్చేదాకా ఏడిపిస్తారు.

మీ విద్యార్థిని,
లోరెట్టా


హాన్‌కాక్
నవంబరు 2

లోరెట్టాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి "పిచ్చిపిల్ల" అనుకున్నాను. రెండోసారి చదివాక అనుకోలేదు.

ఆశ పెట్టడం నాకు చేతకాదు, ఉన్నది చెబుతాను. ఆన్‌లైన్ క్రెడిట్ల గురించి ఒక్కో మెడికల్ కాలేజీది ఒక్కో పద్ధతి. కొందరికి పట్టింపు లేదు. కొందరు పాఠం ఎలా విన్నా సరే, ల్యాబ్ మాత్రం కాలేజీలో నిలబడి చెయ్యాలంటారు. కొందరు ఏ సంగతీ రాసి పెట్టరు, అడిగితే చెబుతారు. మా కాలేజీ ఇచ్చే మార్కుల జాబితాలో "ఆన్‌లైన్" అనే మాట ఎక్కడా ఉండదు. అందుకని నోరు మూసుకుంటే గడిచిపోతుందనుకోకు. ప్రతి కాలేజీకీ నువ్వే రాయి. జవాబు నోటి మాటగా ఒప్పుకోకు, కాగితం మీద తీసుకో.

నా సంగతి అడగలేదు కానీ చెబుతున్నాను. ఇరవై ఆరేళ్ళు అసలైన ల్యాబులో నిలబడి పాఠం చెప్పాను. పన్నెండు బల్లలు, కిటికీ లోంచి కాలువ కనపడేది. పిల్లలు తగ్గారని ఆ ల్యాబు మూసేశారు. పద్నాలుగేళ్ళుగా ముందుగదిలో కూర్చుని ఓ చిన్న కెమెరాకి పాఠం చెబుతున్నాను. అది తల ఊపదు, ఆవలించదు. ఆవలించినా బాగుండేది, కసిరేదాన్ని.

ఇక్కడ అప్పుడే మంచు పడింది. ఆవిరిస్నానం గది వేడెక్కించుకోడానికి కట్టెలు కొట్టుకోవాలి. మిగతా ప్రయోగాలు నెలాఖరుకు పంపు.

ఐలీ రింటాలా

తా.క. బల్ల ఒక్కటే అన్నావు కదా. వెనిగర్ పరవాలేదు, కాస్టిక్ సోడా ద్రావణం ఒలికిన చోట తిండి పెట్టుకోకు.


డ్రై ఫోర్క్
నవంబరు 30

టీచర్ గారికి,

పుస్తకం దీంతోపాటు పంపుతున్నాను. తొమ్మిది ప్రయోగాలూ పూర్తి. ఈ నెల కాస్త హడావిడిగా గడిచింది, అందుకే ఆలస్యం.

మీరు చెప్పినట్టే ఐదు కాలేజీలకు రాశాను. అన్నిచోట్ల నుంచీ జవాబులొచ్చాయి. మూడు కాలేజీలు ఆన్‌లైన్ క్రెడిట్లు తీసుకుంటామన్నాయి. సంబరపడ్డాను. తర్వాత చూస్తే అవి బయటి రాష్ట్రాల వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందినే తీసుకుంటాయట. నాలుగోది చక్కగా "కుదరదు" అంది. మిగిలింది ఐదోది. మోంటానా వాళ్ళ కోసం విడిగా సీట్లు పెట్టేది అదొక్కటే, చదివాక మళ్ళీ ఇలాంటి ఊళ్ళకే పంపుతుంది కూడా. నాకు దారంటూ ఉంటే అదే.

వాళ్ళ జవాబు ఇది. పాఠాలు ఆన్‌లైన్‌లో విన్నా అభ్యంతరం లేదు. ల్యాబ్ కూడా ఇంట్లో చేసి ఉంటే, ఆ ల్యాబ్ చెప్పిన టీచరు సిఫారసు ఉత్తరం రాయాలి. అభ్యర్థి తన చేత్తో పని చేస్తుండగా స్వయంగా చూశానని ఆ ఉత్తరంలో ఉండాలి.

టీచర్ గారూ, ఎలా అడగాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. మీరు నా పుస్తకం ప్రతి పేజీ చూశారు. నా మరకలు కూడా మీకు తెలుసు. మా ఇంటికొచ్చి చూసినవాళ్ళకంటే మీకే ఎక్కువ తెలుసు. "చూశాను" అని ఒక్క ముక్క రాస్తే చాలు. మార్కుల జాబితాలో ఎలాగూ ఏమీ ఉండదు, ఎవరూ వెతకరు. నేను ఇంకెవర్నీ అడగలేను. నాకు జీవశాస్త్రం చెప్పిన ఇద్దరికీ నా పేరు కూడా తెలియదు, జవాబులో నన్ను "ప్రియమైన విద్యార్థీ" అని సంబోధించారు.

లోరెట్టా


హాన్‌కాక్
డిసెంబరు 11

లోరెట్టాకు,

రాయను.

నేను నిన్ను చూడలేదు. నీ గొంతు వినలేదు. పొడుగో పొట్టో తెలీదు, ఏ చేత్తో రాస్తావో తెలీదు. చూడనిదాన్ని చూశానని రాయడానికి నలభై ఏళ్ళు ఈ ఉద్యోగం చెయ్యలేదు.

పుస్తకం దిద్దాను. తొమ్మిదో ప్రయోగానికి పూర్తి మార్కులు వేశాను. చాలా నీటుగా వచ్చింది. ఈసారి చీటీ పెట్టలేదు.

ఐ. రింటాలా


డ్రై ఫోర్క్
జనవరి 26

టీచర్ గారూ,

ఆరు వారాలు మీ ఉత్తరం కౌంటరు కింద సొరుగులో పెట్టుకుని తిరిగాను. మొదట కోపం వచ్చింది. మీకేం, అక్కడ హాయిగా ఆవిరిగదిలో కూర్చుని నీతులు చెబుతారు అనుకున్నాను. తర్వాత కోపం పోయింది, పోయాక ఇంకా ఘోరంగా ఉంది. మీరు "పూర్తి మార్కులు" అని రాసిన చోటే కళ్ళు ఆగిపోతున్నాయి.

తొమ్మిదో ప్రయోగం నేను చెయ్యలేదు.

మొదలుపెట్టాను. నవంబరులో ఓ ఆదివారం మధ్యాహ్నం, వెనిగర్ కొలిచి పోసి, మీ పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ సిరంజితో సోడా ద్రావణం చుక్క చుక్కా వేస్తున్నాను. అంబులెన్సు వాకీటాకీ మోగింది. ఆర్విల్ నెస్, గుండెనొప్పి. ఆర్విల్ మా ధాన్యం గిడ్డంగి మనిషి. రోజూ పొద్దున కౌంటరు దగ్గరకొచ్చి, "నాకేమైనా ప్రేమలేఖలున్నాయా లోరీ?" అని అడుగుతాడు. ఎనభై ఒక్కేళ్ళు. నేను రోజూ, "ఆవిడకు నిన్ననే పెళ్ళయిపోయిందట, మర్చిపో" అంటాను.

యాభయ్యో మైలు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "లోరీ, ఇంకేమైనా చెయ్యొచ్చు కదా" అన్నాడు. అంతే. బతిమాలినట్టు కూడా అనలేదు. నేనేదో మర్చిపోతే గుర్తుచేసినట్టు అన్నాడు. నేను "ఇంకొంచెం దూరమే" అన్నాను. యాభై ఎనిమిదో మైలు దగ్గర పోయాడు.

ఇంటికొచ్చేసరికి గాజు కుప్పె బల్ల మీద అలాగే ఉంది. ఎంత సోడా వేశానో రాసుకోలేదు. కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి. కుప్పె చేత్తో పట్టుకోలేకపోయాను. పాఠ్యపుస్తకంలో చూసి, ఎంత రావాలో లెక్కగట్టి, మూడు అంకెలు కల్పించి రాసేశాను. చీటీ పెట్టడానికి మొహం చెల్లలేదు.

ఆ అబద్ధం పంపించిన కవర్లోనే మిమ్మల్ని కూడా ఒక అబద్ధం రాయమన్నాను. మార్కులు తీసెయ్యండి. అప్లికేషను సంగతి అయిపోయినట్టే, దాని గురించి బాధపడొద్దు. ఇప్పుడు పొద్దున్నే నా కౌంటరు దగ్గరకు ప్రేమలేఖలు అడగడానికి ఎవరూ రావడం లేదు. చెప్పుకోడానికి మీరొక్కరే ఉన్నారు, ఇక మీరూ రాయరేమో.

లోరెట్టా


హాన్‌కాక్
ఫిబ్రవరి 6

ఓసి పిల్లా,

నాకు తెలుసు.

16.20, 16.20, 16.21 అని రాశావు. నేను పంపిన పెట్టెలో ఉన్నది ప్లాస్టిక్ సిరంజి. దాని మీద మిల్లీలీటరులో పదో వంతు గీతలే సరిగ్గా కనపడవు. నువ్వు నూరో వంతు దాకా చదివావు. సన్నగీతలు, కింద కుళాయి ఉన్న అసలైన గాజు బ్యూరెట్ అయితే తప్ప ఆ అంకె ఎవరికీ రాదు. ఏ పాఠ్యపుస్తకంలోంచి దించావో కూడా చెప్పగలను. ఇంతకు ముందు ఎనిమిది ప్రయోగాల్లోనూ ఒక్క అంకె తర్వాత ఆపేసి, "ఇంతకు మించి కనపడలేదు" అని బుద్ధిగా రాసినదానివి. తొమ్మిదోది చూడగానే ఎర్ర పెన్ను తీశాను. మళ్ళీ మూతపెట్టాను.

ఎందుకో చెబుతాను, వినడానికి బాగోదు. అప్పటికే "రాయను" అని నిర్ణయించుకున్నాను. దానికి తోడు ఇది కూడా పట్టుకుంటే నువ్వు ఇంక రాయవనిపించింది. నా పోస్టుపెట్టెలోనూ విత్తనాల క్యాటలాగులే వస్తాయి, తెలుసా? నీ ఉత్తరం వస్తుందని మంచులో గేటు దాకా తవ్వుకుంటూ వెళ్ళేదాన్ని. పూర్తి మార్కులు లంచంగా వేశాను. పైగా అదే ఉత్తరంలో నీకు నలభై ఏళ్ళ ఉద్యోగం గురించి ఉపన్యాసం ఇచ్చాను. నీ తప్పు కంటే నాదే పెద్దది, నేను పంతులమ్మను.

కాబట్టి ఇద్దరం గీత కొట్టుకుందాం. తొమ్మిదో ప్రయోగానికి సున్నా వేస్తున్నాను, మా కాలేజీకి కారణం రాస్తున్నాను, నా తప్పుతో సహా. నీకు "ఏ" రావాల్సిన చోట "బి" వస్తుంది. దాంతో చావరు.

ఇంకో సంగతి దాచాను. వచ్చే సంవత్సరం నుంచి నా కోర్సు ఉండదు. ల్యాబంతా తెర మీదేనట. బొమ్మ కుప్పెలో బొమ్మ చుక్కలు వేస్తే బొమ్మ గులాబీ రంగు వస్తుంది. మరకలూ ఉండవు, పుస్తకాలూ ఉండవు, నేనూ ఉండను. మే నెలాఖరు దాకే నేను టీచర్ని. ఆ తర్వాత నా ఉత్తరానికి విలువ లేదు.

చూడకుండా రాయనన్నాను. చూస్తే రాస్తాను. ఏప్రిల్ పద్దెనిమిదో తారీకు శనివారం మధ్యాహ్నం రైలుకు మీ వైపు వస్తున్నాను. ఆదివారం సాయంత్రం రైలుకు వెళ్ళిపోవాలి, సోమవారం నాడు మార్కులు పంపే గడువు. గాజు బ్యూరెట్ తెస్తాను, నా స్వెట్టర్లో చుట్టుకుని. ఆ ల్యాబు మూసిన రోజు నేను దొంగిలించిన వస్తువు అదొక్కటే. తొమ్మిదో ప్రయోగం నా ఎదురుగా చెయ్యి. బాగా రాకపోతే బాగా రాలేదనే రాస్తాను.

ఐలీ


డ్రై ఫోర్క్
మార్చి 3

ఐలీ గారూ,

రండి. రండి, రండి. ఇది పంతులమ్మకు రాసే ఉత్తరంలా లేదని తెలుసు, ఏం చెయ్యను.

స్టేషను మా ఊరికి గంట దూరం. నీలం ట్రక్కు, ఎడమ తలుపు తుప్పు పట్టి ఉంటుంది. మీకు మంచం వేస్తాను, నేను సోఫాలో పడుకుంటాను, వద్దనకండి. బంగాళాదుంపల రొట్టెలు చేస్తాను, మా అమ్మమ్మ నార్వే నుంచి తెచ్చుకున్న పెనం మీద. ఎనిమిది నెలలుగా ఇద్దరికి సరిపడా వంట చెయ్యలేదు, ఉప్పు ఎక్కువైతే చెప్పండి.

ఒక్క భయం. అది దూడలు పుట్టే కాలం. ఆ రోజుల్లో అంబులెన్సుకు పిలుపులు ఎక్కువ. ఆ రెండు రోజులూ నా బదులు వెళ్ళమని మిగతావాళ్ళను అడిగాను. ఒకతనికి ఆవుల పని, ఒకామె ఊళ్ళో ఉండదు. డెల్మర్ ఒక్కడే దొరికాడు, ఇద్దరుండాలి. ఏమీ కాకూడదని అనుకుందాం.

లోరెట్టా


డ్రై ఫోర్క్
ఏప్రిల్ 19, ఆదివారం సాయంత్రం

ఐలీ గారూ,

మీరు రైల్లో ఉండి ఉంటారు. నేను ఇంటికొచ్చేసరికి ఆరున్నర. తలుపు తీసి "ఐలీ గారూ!" అని పిలిచాను, మీరు వెళ్ళిపోయారని తెలిసి కూడా.

మంచు తుఫానుకు మీ రైలు ఇరవై గంటలు ఆలస్యం కావడం ఏమిటి, శనివారమంతా నేను స్టేషను బెంచీ మీద ఫ్లాస్కు పెట్టుకుని కూర్చోవడం ఏమిటి, చివరికి మనకు దక్కింది ఎంతసేపు? ట్రక్కులో గంట, టిఫిను, బల్ల దగ్గర నలభై నిమిషాలు. రొట్టెలు సగం చేసి మూతపెట్టాను, మీకు కట్టివ్వలేదు. మీరు ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదు. ఉత్తరాల్లో ఆరడుగులుంటారు.

వాకీటాకీ మోగినప్పుడు మీ మొహం చూశాను. ఒక్క క్షణం ఆగాను, అది మీరు గమనించే ఉంటారు. వెళ్ళకపోతే ఏమవుతుంది అని లెక్కగట్టాను. డెల్మర్ ఒక్కడూ బండి నడుపుతూ వెనక మనిషిని చూసుకోలేడు. మీరు బ్యూరెట్ వంక చూస్తూ, "కుళాయి కట్టేసి, అంకె రాసి వెళ్ళు" అన్నారు. అప్పటికే నా చెయ్యి కుళాయి మీద ఉంది. అది కూడా మీరు చూశారనుకుంటాను.

ఆ పిలుపు హార్లీ బ్రెక్కె కోసం, బతికాడు. దూడను లాగుతుంటే ఆవు తన్నింది. పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకున్నాయి. దారంతా నా మీద కేకలేశాడు, అరిచేవాడు బతుకుతాడని ధైర్యంగా ఉన్నాను.

బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. నేను రాసిన అంకె కింద మీ రాత: "11.20కి ప్రయోగం ఆగింది. విద్యార్థిని రోగి దగ్గరకు వెళ్ళింది. పూర్తి కాలేదు. ఐ.ఆర్." బ్యూరెట్ వదిలేసి వెళ్ళారు. మర్చిపోయారా? మిమ్మల్ని స్టేషనులో దింపిన పక్కింటామె చెప్పింది, మీరు దారంతా ఏమీ మాట్లాడలేదని.

సిఫారసు ఉత్తరం రాయడానికి ఇది చాలదని తెలుసు. పూర్తి కానిదాన్ని పూర్తయిందని రాయమని ఈసారి అడగను. వచ్చినందుకే రుణపడి ఉన్నాను. మీరు కాఫీ తాగిన కప్పు ఇంకా కడగలేదు.

లోరెట్టా


హాన్‌కాక్
ఏప్రిల్ 28

లోరెట్టాకు,

బ్యూరెట్ మర్చిపోలేదు. నాకు మతిమరుపు ఇంకా రాలేదు.

సిఫారసు ఉత్తరాలు అభ్యర్థికి చూపించరు. నేను చూపిస్తాను. కింద ఉన్నది నకలు, అసలుది నిన్ననే పంపాను. పూర్తి కాలేదు కాబట్టి చాలదని నువ్వెలా తేల్చావు? కమిటీలో నువ్వున్నావా?

"ప్రవేశాల కమిటీకి,

లోరెట్టా హౌగెన్‌కు రసాయన శాస్త్రం నేను ఆన్‌లైన్‌లో చెప్పాను. ల్యాబ్ ఆమె తన వంటగది బల్ల మీద చేసింది. మార్కుల జాబితాలో ఆ సంగతి ఉండదు కనుక నేను చెబుతున్నాను.

తొమ్మిదో ప్రయోగంలో ఆమె అంకెలు కల్పించి రాసింది. కనిపెట్టి కూడా నేను ఊరుకున్నాను. తనంతట తానే ఒప్పుకుంది. మార్కులు తగ్గించాను.

ఏప్రిల్ 19న ఆమె పనిని స్వయంగా చూశాను, నలభై నిమిషాలు. చెయ్యి నిలకడగా ఉంది. మొదటిసారి ఒక చుక్క ఎక్కువ వేసి రంగు ముదరనిచ్చింది. దాని మీద ఒక్క గీత కొట్టి, సంతకం పెట్టి, మళ్ళీ మొదలుపెట్టింది. రెండోసారి సగంలో ఉండగా అంబులెన్సుకు పిలుపు వచ్చింది. కుళాయి కట్టేసి, అంకె చదివి, రాసి, వెళ్ళింది. ప్రయోగం పూర్తి కాలేదు.

ఆమె తన చేత్తో పని చెయ్యగలదా అని మీరు అడిగారు. చెయ్యగలదు. మీరు అడగనిది కూడా చెబుతాను. ఏ పనిని మధ్యలో వదిలెయ్యాలో ఆమెకు తెలుసు. నలభై ఏళ్ళలో నేను ఎవరికీ నేర్పలేకపోయినది అది.

ఐలీ రింటాలా"

ఇంతే. ఇది నిన్ను ముంచుతుందో తేలుస్తుందో నాకు తెలీదు. కళ్ళతో చూసిందే రాశాను.

ఐలీ


డ్రై ఫోర్క్
ఫిబ్రవరి 3

ఐలీ గారూ,

సీటు వచ్చింది.

కవరు మీద కాలేజీ పేరు చూసి, కౌంటరు మూసేసి, తపాలా సంచుల గదిలో కూర్చుని విప్పాను. విప్పాక ఎవరికి చెప్పాలో తెలియలేదు. బయటికొచ్చి లైన్లో నిలబడ్డ హార్లీ బ్రెక్కెకి చెప్పాను. "ఏంటి, ఇప్పటిదాకా నువ్వు డాక్టరువి కాదా? మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. సాయంత్రానికి ఊరంతా "డాక్టరమ్మా" మొదలుపెట్టారు. అనుకున్నంత చెడ్డగా లేదు.

నవంబరులో ఇంటర్వ్యూ గురించి నేను మీకు సరిగ్గా రాయలేదు, దిష్టి తగులుతుందని. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన ముందు మీ ఉత్తరం ఉంది. ఆన్‌లైన్ క్రెడిట్ల గురించి గంటసేపు వాయిస్తారని జవాబులన్నీ బట్టీ పట్టి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ రోజు పేషెంటు ఏమయ్యాడు?" అన్నాడు. బతికాడన్నాను. "మరి ప్రయోగం?" అన్నాడు. ఇంకా పూర్తి కాలేదన్నాను. ముగ్గురూ నవ్వారు. తర్వాత పక్కనున్నావిడ ఆ కల్పించిన అంకెల గురించి అడిగింది, నవ్వకుండా. ఆర్విల్ గురించి చెప్పాను. సాకుగా చెప్పడం లేదని కూడా చెప్పాను.

నిన్న కూర్చుని ఆ ప్రయోగం పూర్తి చేశాను, మీ గాజు బ్యూరెట్‌తో. 16.74. నేను కల్పించింది 16.20. అసలుదానికి దగ్గర్లో కూడా లేదు. ఎదురుగా మీ కుర్చీ అలాగే పెట్టుకుని చేశాను. లేత గులాబీ రంగు నిలబడ్డప్పుడు తలెత్తి చూశాను, "చూశారా" అందామని.

జూలైలో ఊరు వదులుతున్నాను. పుస్తకంలో ఆ పేజీ పంపుతున్నాను. ఇప్పుడు మీకు దిద్దే పని లేదని తెలుసు, అయినా పంపుతున్నాను. చీటీ కూడా పెట్టాను.

మీ లోరెట్టా


హాన్‌కాక్
ఫిబ్రవరి 15

లోరీ పిల్లా,

16.74 సరిగ్గా ఉంది. నూరో వంతు దాకా చదివే హక్కు ఇప్పుడు నీకుంది. పదికి పది. ఈ మార్కులు ఏ కాలేజీ లెక్కలోకీ రావు, అయినా ఎర్ర పెన్నుతోనే వేశాను.

సంతోషంగా ఉంది. ఇంతకంటే బాగా చెప్పడం రాదు నాకు. ఆ రోజు స్టేషనుకు వెళ్తూ పక్కింటామెతో మాట్లాడలేదంటే మాట రాక కాదు. మీ బల్ల దగ్గర ఒక్కదాన్నీ నాలుగు గంటలు కూర్చున్నాను. కుప్పెలో ద్రావణం, పెనం మీద సగం రొట్టెలు. ఎవరైనా లేచి వెళ్ళిపోతే ఆ చోటు ఇంత ఖాళీగా ఉంటుందని నాకు చాలా కాలంగా గుర్తులేదు. నాకు వెళ్ళిపోయేవాళ్ళు లేక అలవాటు తప్పింది.

ఇక్కడ మంచు కిటికీ దాకా ఉంది. ముందుగదిలో కెమెరా తీసుకుపోయారు. పుస్తకాల కోసం వేసిన అర ఖాళీ. అక్టోబరు వచ్చినప్పుడు చెయ్యి ఊరికే ఎర్ర పెన్ను వెతికింది.

డాక్టర్ల చదువులో కూడా ప్రయోగాల పుస్తకాలుంటాయి కదా. ఎవరు దిద్దినా సరే, నాకు కూడా పంపు. వైట్‌నర్ కనపడితే ఊరుకోను.

పై పేరాలో నీకు ఒక వాక్యం కొట్టేసి కనపడుతుంది. "జూలైలో వెళ్ళే ముందు ఒకసారి ఇక్కడికి రా, ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను" అని రాసి, మరీ బిచ్చమెత్తినట్టుందని కొట్టేశాను. ఒక్క గీతే కొట్టాను. కింద ఉన్నది చదవడానికి వీలుగానే ఉంది. పక్కన పొట్టి సంతకం పెట్టాను, తేదీ వేశాను.

ఐలీ